వరువరు డైరీ: టిటికాకా ఒడ్డున ఒక పంటకాలం

ఏప్రిల్ ఆఖరి వారం

వానలు వెనకబట్టాయి, నేలలో తడి మాత్రం ఇంకా ఆరలేదు. ఈ రెండూ ఒకేసారి దొరికేది ఏడాదిలో కొద్ది వారాలే. గట్లు కట్టే పని ఈ సందులోనే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే పగటి ఎండకూ రాత్రి చలికీ నేల బిగుసుకుపోయి ఇనుప మొన కూడా దిగదు. అందుకే ఊపిరి సరిగ్గా ఆడకపోయినా వచ్చీ రాగానే పనిలోకి దిగాను.

ఊపిరి సంగతి ఎందుకంటే, ఈ చోటు సముద్ర మట్టానికి 3,800 మీటర్ల పైన ఉంది. తిరుమల కొండలు మూడు పేర్చినా అందని ఎత్తు. పెరూ దేశంలో పునో నగరానికి ఉత్తరంగా, టిటికాకా సరస్సు ఒడ్డున ఉన్న మైదానం ఇది. చెట్టన్నది దాదాపు కనిపించదు. గడ్డి, గొర్రెలు, దూరంగా తొతొరా రెల్లు, దాని వెనక సరస్సు. మామూలుగా చూస్తే అంతా చదును. ఉదయపు ఏటవాలు ఎండ పడినప్పుడు మాత్రం నేల మీద చారలు బయటపడతాయి. ఒక మిట్ట, ఒక పల్లం, మళ్లీ మిట్ట, మళ్లీ పల్లం, చూపు ఆనినంత దూరం అంతే. అవి పాత పొలాలు. ఇక్కడి క్వెచువా రైతులు వరువరు అంటారు. బొలీవియా వైపు అయ్‌మారా వాళ్లు సుకా కొల్యు అంటారు. 1968లో భూగోళ శాస్త్రవేత్తలు లెక్కగడితే, సరస్సు చుట్టూ వీటి ఆనవాళ్లు దాదాపు 82,000 హెక్టార్లలో తేలాయి.

పద్ధతి చెప్పడానికి సులువే. కాలువ తవ్వాలి, ఆ మట్టిని పక్కన పోసి వెడల్పాటి గట్టు చెయ్యాలి. పంట గట్టు మీద, నీళ్లు కాలువలో. గట్టు వెడల్పు 4 నుంచి 10 మీటర్లు, ఎత్తు దాదాపు ఒక మీటరు, పొడవు పదుల మీటర్లు. వరదొస్తే పంట మునగదు, వాన మొహం చాటేస్తే కాలువలో కాసిని నీళ్లుంటాయి, రాత్రి చలి పడితే ఆ నీళ్లే పంటకు కాపలా. తవ్వకాలను బట్టి ఇది క్రీస్తు పూర్వం 1000 ప్రాంతంలోనే మొదలైంది. అంటే ‘ఇంకా’ అనే రాజుల సామ్రాజ్యం పుట్టడానికి రెండు వేల ఏళ్లకు పైగా ముందు. టూరిస్టు బ్రోచర్లు మాత్రం ఇక్కడ కనిపించే ప్రతి రాయికీ, ప్రతి గట్టుకీ ‘ఇంకా’ ముద్ర వేసేస్తాయి. చిరాకేస్తుంది.

మా పని చిన్నది. ఊరి ఉమ్మడి భూమిలో ఒక ముక్క తీసుకుని, అరిగిపోయిన పాత గట్లను మళ్లీ లేపి, ఒక పంటకాలం నీళ్ల మట్టం, చలి, దిగుబడి రాసుకోవాలి. నాది నీళ్ల లెక్క, థర్మామీటర్ల లెక్క. అనంతపురంలో వాటర్‌షెడ్ పనులు చేసిన అనుభవం ఉందని పిలిచారు. ప్రాజెక్టు పేరుతో వచ్చిన ప్రతివాళ్లనూ ఇక్కడ ఇంజినీరే అంటారు, దాన్ని కుదించి ‘ఇంహె’ అని పిలుస్తారు. కాబట్టి నేనూ ఇంహెనే.

మే మొదటి వారం

తవ్వే ముందు ఒక పాత మిట్టకు అడ్డంగా సన్నటి కందకం తీశాం. పాత వాళ్లు కాలువ ఎంత లోతు తీశారో, గట్టు ఎంత వెడల్పు వేశారో నేలనే అడగాలి. పురావస్తు శాస్త్రవేత్త క్లార్క్ ఎరిక్సన్ 1981లో ఇక్కడికి దగ్గర్లోని వాట్టాలో పని మొదలుపెట్టినప్పుడు చేసిందీ ఇదే. ముందు తవ్వి చూసి, తర్వాత రైతులతో కలిసి అదే కొలతల్లో కట్టి, పంట వేసి చూశాడు.

కందకం గోడను చేటలాంటి చిన్న తాపీతో గీకి శుభ్రం చేస్తే పొరలు కనిపించాయి. పైన వేళ్లు అల్లుకున్న జానెడు గోధుమరంగు మట్టి. దాని కింద గట్టు మట్టి, కొంచెం కలగాపులగంగా, చిన్న చిన్న పెళ్లలుగా. పక్కన పల్లంలో, మోకాలి లోతు దిగాక, నల్లటి పట్టీ. వేళ్లతో నలిపితే జిడ్డుగా, బురద వాసనతో ఉంది. అది పాత కాలువ అడుగున పేరుకున్న ఒండ్రు. ఆ నల్ల పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అదే కాలువ వెడల్పు. మేకులు అక్కడే పాతాం. డ్రాయింగు గీసే పని తప్పింది.

మట్టం చూడటానికి నేను మా ఊరి మేస్త్రీల పద్ధతే వాడాను. పారదర్శక ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, రెండు కొసలూ రెండు కర్రలకు కట్టి చూడటం. పునోలో అద్దెకు దొరికే సర్వే పరికరాలకంటే ఇదే ఊళ్లో వాళ్లకు నచ్చింది, ఎవరైనా పట్టుకోవచ్చు, ఎవరైనా చదవచ్చు. మైదానం చదునుగా కనిపిస్తుంది కానీ సరస్సు వైపు సన్నటి వాలు ఉంది. కాలువలన్నీ ఆ వాలుకు అడ్డంగా ఉంటేనే నీళ్లు ఆగుతాయి. పాత గట్లు సరిగ్గా అలాగే ఉన్నాయి. గొట్టం లేకుండా ఎలా చూశారంటే, జవాబు సులువు: వానాకాలంలో నీళ్లు నిలిచిన చోటే మట్టం తెలిసిపోతుంది.

మే, పని నడుస్తుండగా

పనిముట్టు చకితక్ల్యా. మనిషెత్తు కర్ర, కింద సన్నటి ఇనుప మొన, మొనకు కాస్త పైన కాలు పెట్టడానికి చిన్న అడ్డ కర్ర, దాన్ని పచ్చి తోలు పట్టీతో బిగిస్తారు, చేతికి ఒక వంపు తిరిగిన పిడి. ఇద్దరు మగవాళ్లు పక్కపక్కన నిలబడి, ఒకే లయలో అడ్డ కర్ర మీద బరువేసి మొనను నేలలోకి దించుతారు. తర్వాత పిడిని వెనక్కి వంచితే గడ్డితో సహా పెద్ద పెళ్ల లేస్తుంది. ఎదురుగా వంగి ఉన్న ఆడమనిషి దాన్ని చేతులతో పట్టి తిరగేస్తుంది. వాళ్లు ఒక అడుగు వెనక్కి, ఈమె ఒక అడుగు ముందుకు. దున్నడం అంటే ఎద్దుల వెనక ముందుకు నడవడమే తెలిసిన నాకు, ఈ వెనక నడక దున్నకం అలవాటు కావడానికి టైం పట్టింది.

గడ్డి పెళ్లలే ఇక్కడ ఇటుకలు. గట్టు అంచున వాటిని వరసలుగా, గడ్డి వైపు కిందికి పెట్టి, కొంచెం లోపలికి వాలేలా పేర్చుతారు. వేళ్లు ఒకదానిలోకి ఒకటి అల్లుకుని గోడ నిలుస్తుంది. మధ్యలో కాలువ మట్టి పోసి, పెళ్లలు చితక్కొట్టి చదును చేస్తారు. గోడ పేర్చే పనిలో నన్ను ఉంచలేదు. నేను దిగిన ఇంటి పెద్దామె నా పేర్పు చూసి, “ఇంహె, నువ్వు గొట్టం పట్టుకో” అంది. అదే మంచిదయింది.

పనికి కూలి లేదు. ఐని పద్ధతి. ఈ రోజు నా గట్టుకు నువ్వొస్తే, రేపు నీ ఇంటి పనికి నేనొస్తాను. మన పల్లెల్లో బదులుకు వెళ్లేవాళ్లు కదా, అదే. కాకపోతే ఇక్కడ లెక్క గట్టిది. ఎవరు ఎవరికి ఎన్ని రోజులు బాకీ ఉన్నారో కాగితం లేకుండా ఊరందరికీ తెలుసు. మధ్యాహ్నం అందరూ తెచ్చుకున్నది ఒకే గుడ్డ మీద కుప్పగా పోస్తారు, ఉడికించిన బంగాళాదుంపలు (ఇక్కడ దుంపంటే అదే), బాక్లా చిక్కుళ్లు, జున్ను. చుట్టూ కూర్చుని తింటారు.

ఒకటి మాత్రం మొదటి వారంలోనే కనిపించింది. పనికొచ్చిన వాళ్లలో ఎక్కువమంది యాభై దాటినవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు. కుర్రాళ్లు హూలియాకా నగరంలో ఆటోలు నడుపుతున్నారు, కొందరు లా రింకొనాదా బంగారు గనుల్లో ఉన్నారు. చకితక్ల్యాకు ఇద్దరు మగవాళ్లు కావాలి. జత కుదిరిన రోజే పని సాగుతోంది.

జూన్

గట్ల పని ఆగింది, నేల గట్టిపడింది. ఈ నెల చూన్యో, అంటే చలికి ఆరబెట్టిన దుంప, చేసే నెల.

చేదు దుంపలుంటాయి, రుకి అంటారు. చలికి చావని రకం, కానీ పచ్చిగా ఉడికించి తింటే నోరు చేదు. వాటిని చదునైన గడ్డి మీద పరిచి వదిలేస్తారు. రాత్రి గడ్డకడతాయి, పగలు ఎండకు కరుగుతాయి. కొద్ది రోజులు ఇలా అయ్యాక కుప్పలు చేసి వట్టి కాళ్లతో తొక్కుతారు. నేనూ తొక్కాను. పాదాల కింద దుంప మెత్తగా నలుగుతుంది, నీళ్లు చిమ్ముతాయి, తోలు జారిపోతుంది. ఆ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో చెప్పలేను, కాసేపటికి కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. తొక్కినవాటిని మళ్లీ ఎండబెడితే నల్లగా, తేలిగ్గా, గులకరాళ్ల మాదిరి అవుతాయి. అవి ఏళ్ల తరబడి పాడవవు. వారాల పాటు ఏటి నీళ్లలో నానబెట్టి తీస్తే తెల్ల రకం వస్తుంది, దానికి రేటెక్కువ. ఫ్రిజ్ లేదు, కరెంటు లేదు, ఉప్పు కూడా అక్కర్లేదు. ఏ చలి పంటను చంపుతుందో ఆ చలితోనే పంటను దాచుకుంటున్నారు.

24న సాన్ హువాన్ పండగ. ఆ తెల్లవారుజామున పెద్దవాళ్లు కొందరు గుట్ట ఎక్కి ఈశాన్యం వైపు చుక్కల గుంపును చూస్తారు. మన పిల్లలకోడి, కృత్తికలు. చుక్కలు పెద్దవిగా, స్పష్టంగా కనిపిస్తే వానలు వేళకు వస్తాయి. మసకగా ఉంటే ఆలస్యం, దుంప నాటడం కొన్ని వారాలు వెనక్కి జరపాలి. నమ్మకం కదా అని తీసిపారేయడానికి లేదు. 2000 సంవత్సరంలో ఆర్లోవ్, చియాంగ్, కేన్ అనే ముగ్గురు పరిశోధకులు దీని గుట్టు విప్పారు. పసిఫిక్ సముద్రపు నీళ్లు మామూలు కంటే వేడెక్కే ఎల్ నీనో ఏడాదుల్లో జూన్ నెలలో ఆకాశంలో చాలా ఎత్తున, కంటికి కనిపించనంత పల్చటి మబ్బులు ఎక్కువ. వాటివల్ల చుక్కలు మసకబారతాయి. అదే ఎల్ నీనో ఇక్కడి ఎత్తు మైదానానికి వానలు తగ్గిస్తుంది. అనంతపురంలో వేరుశెనగ రైతును తరచు ముంచేదీ ఆ ఎల్ నీనోనే. ఆ వేరుశెనగ కూడా ఈ ఆండీస్ కొండల తూర్పు పాదాల నుంచి వచ్చిందే.

మేం చూసిన రోజు చుక్కలు బాగానే కనిపించాయి. పెద్దాయన ఒకరు మాత్రం, “ఒక్క రోజు చూసి చెప్పకూడదు” అని మర్నాడు మళ్లీ ఎక్కాడు.

ఆగస్టు

పచమామాకు, అంటే నేలతల్లికి, మొక్కులు ఒకటో తేదీన అయ్యాయి. కోకా ఆకులు, కొవ్వు, చిచా కల్లు. అందరితో పాటు నేనూ నేల మీద నాలుగు చుక్కలు పోశాను.

లిమా వెళ్లే పని పడితే, దారి తప్పించుకుని వమంతంగా వెళ్లొచ్చాను. లిమా పైన కొండల్లో ఉంటుంది ఆ ఊరు. అక్కడివి అమునాలు. ఇంకాల కంటే ముందటి కాలువలు. వానాకాలంలో వాగు నీళ్లను మళ్లించి కొండవాలు మీద రాళ్ల నేలలోకి వదులుతాయి. ఆ నీళ్లు నేల లోపలే మెల్లగా దిగి, కింద ఊటల్లో పైకి వస్తాయి. 2019లో అచ్చయిన అధ్యయనంలో, నీళ్లకు రంగు వేసి చూస్తే, పైన ఇంకినవి కింద తేలడానికి సగటున 45 రోజులు పట్టింది. ఇలాంటివి పెద్ద ఎత్తున పునరుద్ధరిస్తే, లిమాకు నీళ్లిచ్చే నదిలో ఎండాకాలం ప్రవాహం సగటున 7.5 శాతం, ఆ కాలం మొదట్లో అయితే 33 శాతం దాకా పెరగొచ్చని వాళ్ల లెక్క. వాన అన్నదే దాదాపు తెలియని లిమా నగరానికి అది చిన్న విషయం కాదు.

నాకు పట్టుకున్నది ఈ లెక్క కాదు. చదువుకున్నన్నాళ్లూ కాలువంటే లీకు కాకూడదని నేర్చుకున్నాం. ఎక్కడ కారితే అక్కడ సిమెంటు లైనింగ్ వెయ్యడమే బాగుచేయడం. అమునాకు లైనింగ్ వేస్తే అది చచ్చిపోతుంది. కారడమే దాని పని. మరమ్మతు చెయ్యాలంటే ముందు దాని పని ఏమిటో తెలియాలి. మన గొలుసుకట్టు చెరువుల పక్కన బావుల్లో నీళ్లెందుకు నిలిచేవో తెలియకుండా కట్టలకు కాంక్రీటు పూసినవాళ్లు గుర్తొచ్చారు. వాళ్ల సంగతి ఇక్కడెందుకులే.

తిరుగు దారిలో కోల్కా లోయ. కొండంతా మెట్ల పొలాలే. రాతి గోడలు లోపలికి వాలి ఉంటాయి, లోపల కింద రాళ్లూ గులకా, పైన మంచి మట్టి. పగలు ఎండకు కాగిన గోడ రాత్రి ఆ వేడిని మొక్కకిస్తుంది. ఇంత పనితనం ఉన్న ఈ లోయలో సగానికి పైగా మెట్లు పడావు పడ్డాయని 1980లలో భూగోళ శాస్త్రవేత్త విలియం డెనెవాన్ బృందం తేల్చింది. స్పానిష్ వాళ్లు తెచ్చిన రోగాలకు జనం పోయారు, మిగిలినవాళ్లను 1570లలో వైస్రాయి తోలెదో హయాంలో ఊళ్లు ఖాళీ చేయించి ఒకచోట కుదించారు. గోడ నిలబెట్టే మనిషి లేకపోతే గోడ ఎన్నాళ్లని ఉంటుంది? మా గట్ల మీద తెల్లజుట్లే గుర్తొచ్చాయి.

అక్టోబర్

నాటాం. విత్తనం ఎక్కువగా ఇమిల్యా రకం, ఊదా తోలు, లోపల తెలుపు. ఒక గట్టు కొసన కాస్త రుకి. ఒక్క రకమే వెయ్యడం ఇక్కడెవరూ ఒప్పుకోరు, పెద్దామె బుట్టలో నేను పేరు పట్టలేనన్ని రంగులున్నాయి. అంచుల్లో తర్వి వేశాం. పప్పుజాతి మొక్క, నేలకు నత్రజని ఇస్తుంది. గింజ చేదు కాబట్టి గొర్రెలు కూడా అంతగా ముట్టవు.

ఎరువు గొర్రె పెంట. రసాయన ఎరువు కొంటామన్నా డబ్బులు లేవు.

డిసెంబర్, జనవరి

వానలు పడ్డాయి. కాలువలు నిండటం చూడ్డానికి పిల్లలు కూడా వచ్చారు. గొట్టం చెప్పినట్టే నీళ్లు నాలుగు కాలువల్లోనూ సమానంగా నిలిచాయి. అయిదోది, బండ్ల దారి పక్కది, తొందరగా ఇంకిపోతోంది. దారి మీది మట్టి వాన నీళ్లతో కొట్టుకొచ్చి అందులో పేరుకుంటోంది.

జనవరిలో ఒక గట్టు అంచు రెండు చోట్ల జారింది. గొర్రెల గిట్టలు. మళ్లీ పెళ్లలు కోసి పేర్చడానికి మనుషుల్ని పోగెయ్యడమే పెద్ద పనయింది.

కాలువ అడుగున పచ్చటి నాచు పట్టింది, దాని మధ్య నీటి మొక్కలు. వీటిలో కొన్ని నాచులు గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతాయి, వరి పొలాల్లో నీలి ఆకుపచ్చ నాచు వేసిన మన రైతులకు ఇది కొత్త కాదు. గట్టు మీది నుంచి కొట్టుకుపోయిన సారం కూడా ఎక్కడికీ పోదు, కాలువలోనే ఆగుతుంది. ఏటా ఆ ఒండ్రు ఎత్తి గట్టు మీద వేస్తే సరి. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువు పూడిక మట్టిని ట్రాక్టర్ల మీద చేలకు తోలుకున్నారు కదా, ఆ పనే. ఇక్కడ చెరువూ చేనూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ట్రాక్టరు ఖర్చు లేదు, పార చాలు. పార పట్టే మనిషి కావాలి.

ఫిబ్రవరి

అసలు పరీక్ష ఈ నెలే. దుంప పూత మీద ఉంటుంది. వానలు నాలుగు రోజులు ఆగి, ఆకాశం తేటపడి, గాలి ఆగిపోయిందంటే ఊళ్లో అందరికీ టెన్షన్. నేల వేడి అడ్డూ ఆపూ లేకుండా పైకి పోతుంది, తెల్లవారేసరికి చలి సున్నా కిందికి దిగుతుంది. హెలాదా అంటారు. ఒక్క రాత్రి చాలు.

ఆ రోజు మధ్యాహ్నమే పెద్దామె చెప్పింది, “ఈ రాత్రి వస్తుంది.” ఎలా తెలుసంటే, పడమటి వైపు ఆకాశం చూపించి ఊరుకుంది. చీకటి పడ్డాక కొందరు చేల గట్ల మీద పేడా గడ్డీ రాజేసి పొగ పెట్టారు. నేను టార్చి పట్టుకుని థర్మామీటర్లు చూడ్డానికి వెళ్లాను. గట్టు మీద మొక్క ఎత్తులో కొన్ని, పక్కన మామూలు చేలో కొన్ని, కాలువ నీళ్లలో కొన్ని పెట్టి ఉన్నాయి.

అర్ధరాత్రి దాకా పెద్ద తేడా లేదు. ఆ తర్వాత మెల్లగా విడిపోవడం మొదలైంది. కాలువ నీళ్లలో చెయ్యి పెడితే, గాలి కంటే గోరువెచ్చగా అనిపించింది, నిజానికి అవీ చల్లనివే. పగలంతా ఎండను తాగిన నీళ్లు ఇప్పుడు తిరిగి ఇస్తున్నాయి. నీటి మీద నుంచి సన్నటి ఆవిరి లేచి గట్ల మధ్యే తచ్చాడుతోంది. పక్క చేను మీద అది లేదు, గడ్డి పరకలు అప్పటికే తెల్లబడుతున్నాయి. తెల్లవారుజామున తేడా ఒక డిగ్రీకి కాస్త పైన. ఇంతేనా అనిపించే తేడా. ఇదివరకు ఇక్కడా, బొలీవియా వైపూ కొలిచిన వాళ్లకూ ఒకటి రెండు డిగ్రీల ప్రాంతంలోనే వచ్చింది. పుస్తకాల్లో దీన్ని అద్భుతంలా రాస్తారు. అద్భుతం కాదు. కానీ ఆకు కణంలో నీళ్లు గడ్డకట్టడానికీ, కట్టకపోవడానికీ ఆ డిగ్రీ చాలు.

ఎండ వచ్చాక తెలిసింది. మామూలు చేలో ఆకులు మొదట ముదురాకుపచ్చగా, తడిసినట్టు కనిపించి, పది గంటలకల్లా వేలాడి నల్లబడ్డాయి. మాడిన వాసన ఉంటుంది దానికి. గట్ల మీద పై చివుళ్లు అక్కడక్కడా పోయాయి, మిగతా మొక్క నిలబడింది. దారి పక్క గట్టు మాత్రం చాలావరకు చేనుతో పాటే మాడింది. అయిదో కాలువలో నీళ్లు లేవు కదా. ఆ గట్టుకు రెండు వైపులున్న కాలువల్లో నీళ్లున్న వైపు రెండు వరసలు పచ్చగా, ఎండిన వైపు వరసలు నల్లగా, మధ్యలో గీత గీసినట్టు ఉంది. నా థర్మామీటర్ల రికార్డు కంటే ఆ గీతే ఊరిని నమ్మించింది. గట్టు ఎత్తు కాపాడదు, నీళ్లు కాపాడతాయి. పూడిక తియ్యని కాలువ పక్కన వరువరు వట్టి మిట్ట.

మార్చి

ఎరిక్సన్ బృందం వాట్టాలో పనిచేసిన ఏళ్లలో 1982-83 కరువు వచ్చింది, 1985-86 వరద వచ్చింది. గట్టు పొలాల్లో హెక్టారుకు 8 నుంచి 16 టన్నుల దుంప పండిందని, చుట్టుపక్కల మామూలు చేలలో 1 నుంచి 4 టన్నులేనని ఆ ప్రయోగాలు చెప్పాయి. బొలీవియా వైపు అలన్ కొలాటా, ఒస్వాల్డో రివెరా అనే పరిశోధకులు ‘తివనాకు’ అనే పాత నగరం దగ్గర ఇదే పని చేశారు. ఆ తర్వాత సంస్థలు దిగాయి, ప్రభుత్వం దిగింది. గట్టు కట్టినవాళ్లకు తిండి గింజలిచ్చారు, పనిముట్లిచ్చారు, విత్తనం ఇచ్చారు. వందల హెక్టార్లు లేచాయి. ఇవ్వడం ఆగాక చాలా చోట్ల గట్లు మళ్లీ గొర్రెల పాలయ్యాయి.

దీని మీద పరిశోధకులు రెండు జట్లుగా వాదించుకుంటారు. ఒక జట్టు మాట: దిగుబడి లెక్కలు పడావు పడ్డ నేల కొత్త సారంతో వచ్చినవి, ఏళ్లు గడిస్తే తగ్గుతాయి. రెండోవాళ్ల మాట: పద్ధతి మంచిదే, అమలు చేసిన తీరు చెడ్డది. ఊళ్లో అడిగితే ఎవరూ ఈ రెండూ చెప్పరు. “మా నాన్న కట్టాడు, సంచి పిండి ఇచ్చారు, తర్వాత ఆయన హూలియాకా వెళ్లిపోయాడు” అంటారు. నాకు ఇదే నమ్మదగ్గ వివరణ అనిపిస్తోంది. కట్టడానికి ఒక్కసారి మనుషులు కావాలి, అది ఏదో ఒకలా అవుతుంది. పూడికకూ అంచుకూ ఏటా కావాలి, అది ఎవరి పద్దులోనూ ఉండదు. ఆ మాటకొస్తే ఇక్కడి ఆండీస్ వ్యవసాయాన్ని 2011లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది. బోర్డులు బాగానే పెట్టారు.

మే

తవ్వాం. పొలంలోనే పెళ్లలు పేర్చి చిన్న గూడులా కట్టి, లోపల ఎండు పేడ మంట పెట్టారు. పెళ్లలు ఎర్రగా కాలాక దుంపలు వేసి, గూడును లోపలికి కూల్చి, పైన మట్టి కప్పారు. వతియా అంటారు. కాసేపటికి తవ్వి తీస్తే తోలు కాలి, లోపల పిండి పిండిగా. దాన్ని చాకో అనే తినే బంకమట్టి నీళ్లలో ముంచుకుని, ఉప్పుతో తిన్నాం. మట్టి తినడమేమిటని మొదట జంకాను గానీ, దుంప చేదునూ కడుపు ఇబ్బందినీ అది తగ్గిస్తుంది.

మిగిలిన దుంపల మధ్య మున్యా ఆకు పొరలు వేసి ఇంట్లో పేర్చారు. పుదీనా జాతి మొక్క, ఘాటు వాసన, పురుగూ మొలకా రెండూ రాకుండా చూస్తుంది.

తూకం వేశాం. నీళ్లున్న గట్ల మీద దిగుబడి పక్క చేను కంటే స్పష్టంగా ఎక్కువ. మొదటి ఏడు కాబట్టి ఆ సంఖ్యను ఎవరికీ పెద్దగా చెప్పడం లేదు. మూడో ఏడు, నాలుగో ఏడు ఏమొస్తుందో అదే లెక్క. అప్పటికి నేనిక్కడ ఉండను, గొట్టం ఉంటుంది.

ఊరి సభ నిన్న జరిగింది. రెండు గంటలు అరుచుకున్నారు. కుర్రాళ్ల తరఫున వచ్చినవాళ్లు, తవ్వే మెషిన్ తెస్తే కాలువలన్నీ ఒక్క రోజులో అయిపోతాయన్నారు. నిజమే. కానీ మెషిన్ అడుగు బంకమట్టిని పైకి తెచ్చి, పై మట్టిని కిందికి తోస్తుంది. గడ్డి పెళ్లల అంచును కూడా అది పేర్చలేదు. పెద్దవాళ్లు మెషినే వద్దన్నారు. అది కూడా కుదరదు, ఉన్న చేతులెన్నో అందరం చూశాం. చివరికి తేలింది ఇది: కాలువ అడుగు పూడిక మాత్రం మెషిన్ తీస్తుంది, పై మట్టినీ అంచులనూ చేత్తోనే చేస్తారు. మెషిన్ అద్దె గట్టు ఉన్న ప్రతి ఇల్లూ వంతు వేసుకుంటుంది. సంస్థ డబ్బు తీసుకోకూడదని వాళ్లే అన్నారు, నేనేమీ అనలేదు. ఒక్కో గట్టు రెండేసి ఇళ్లకు రాసిచ్చారు, దాని పూడిక బాధ్యత కూడా ఆ ఇళ్లదే.

పెద్దామెకు దారి పక్క గట్టు వచ్చింది, ఫిబ్రవరిలో మాడినది. కాగితం మీద వేలిముద్ర వెయ్యనంది. అయిదో కాలువ మొదట లోతు చెయ్యండి, దారి నీళ్లు అందులోకి రాకుండా అడ్డం వెయ్యండి, అప్పుడు వేస్తానంది. సభ ఒప్పుకోక తప్పలేదు. పొద్దున గొట్టం పెట్టి చూశాం, మలుపు దగ్గర కాలువ అడుగు మిగతా వాటికంటే జానెడు ఎత్తు ఉంది. అంతా దారి మట్టే. నేల ఇంకా తడిగానే ఉంది కాబట్టి సోమవారం మొదలుపెడుతున్నాం. చకితక్ల్యా జతలు ఇప్పటికి మూడు కుదిరాయి, ఒక జతలో హూలియాకా నుంచి వచ్చిన ఆమె మనవడు ఉన్నాడు. ఆటో తమ్ముడికి అప్పజెప్పి వచ్చాడట, వారం రోజులే ఉంటానంటున్నాడు.